పదిహేడో వస్తువు

శుక్రవారం వచ్చిందంటే
మా బడిలో కోట్లు తగిలించే కొక్కేల కింద
సంచులన్నీ పొట్టలుబ్బి కూర్చుంటాయి.
బురద బూట్ల పక్కనే బొమ్మలు
ఊపిరి బిగబట్టి వంతు కోసం చూస్తుంటాయి.

షిప్పగన్‌లో ఇది పీతల కాలం.
పడవలు చీకటితోనే వెళ్ళిపోతాయి.
తల్లులు కొందరు ఫ్యాక్టరీలో నిలబడి డొల్లలు ఒలుస్తారు.
వాళ్ళ పిల్లలను ఎత్తుకుంటే
జుట్టులోంచి ఉప్పు వాసన.

ముందు అనూక్ లేచింది.
గుండ్రటి తివాచీ నడుమ గులాబీరంగు గుర్రం.
కడుపు నొక్కితే మూడు భాషల్లో మాట్లాడుతుందట.
సకిలించడం మాత్రం రాదు.
"ఎక్కడ కొన్నారమ్మా?" అన్నాను.
ఇరవై రెండేళ్ళుగా
నా నోట మొదట వచ్చే ప్రశ్న అదే.

తర్వాత జేలీ.
అదే గుర్రం, ఇంకో జానెడు ఎత్తు.
అనూక్ మెల్లగా తన గుర్రాన్ని
గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది.

బాజిల్ తెచ్చింది పెట్టె విప్పని రోబో.
"విప్పితే విలువ పోతుందని నాన్న చెప్పాడు."
ప్లాస్టిక్ కిటికీ వెనక రోబో
తప్పు చేసి దొరికినవాడిలా చేతులు కట్టించుకుని ఉంది.
పిల్లలు వేళ్ళతో కిటికీని తట్టారు.
పెట్టె చేతులు మారింది, తిరిగి సంచిలోకి పోయింది.
బయట వాన మొదలైంది.

ఎలోయ్ వంతు.
సంచిలో చెయ్యి పెట్టి చాలాసేపు వెతికాడు.
ఖాళీ సంచిలో అంతసేపు వెతకడం
ఎంత కష్టమో నాకు తెలుసు.
చివరికి లేచి
తిన్నగా మా తరగతి అలమర దగ్గరికి నడిచి
ఎర్ర ట్రాక్టర్ తీసుకొచ్చాడు.
"ఇది నాది."

గది గప్‌చుప్.
ఆ ట్రాక్టర్ ఎవరిదో అందరికీ తెలుసు.
దాని ముక్కు మీద జేలీ పంటిగాటుంది.
బాజిల్ దాన్ని ఇసుకలో పాతి
రెండు రోజులు ఏడ్చాడు.
వెనక చక్రం ఊడి రెండేళ్ళయింది.
సగం బిస్కెట్టు కోసం
జుట్లు పట్టుకునే పిల్లలు
ఒక్కరూ నోరు విప్పలేదు.

వాడు చెప్పుకుపోయాడు.
రాత్రిళ్ళు ఇది ఒక్కతే పీట్ బీళ్ళు దాటి
రేవుకు వెళ్తుందట.
తాడు కట్టి నాన్న పడవను
ఒడ్డుకు లాక్కొస్తుందట.
గడ్డకట్టిన నీళ్ళ మీద కూడా జారదట.

అప్పుడు చేతులు లేచాయి.
ఏ బొమ్మకూ అన్ని చేతులు లేవడం నేను చూడలేదు.
"దానికి చీకటంటే భయం లేదా?"
"కొంచెం. అందుకే పాట పాడుకుంటుంది."
"మూడు చక్రాలే కదా, పడిపోదా?"
"పడదు. ఎడమకే తిరుగుతుంది.
ఎడమకీ ఎడమకీ ఎడమకీ తిరిగి
మళ్ళీ ఇంటికే వస్తుంది."

నా నోట్లో పాత ప్రశ్న
అలవాటుకొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.
గరగరలాడుతూ దిగింది.

సాయంత్రం ఇంటికెళ్ళే వేళ
వాడి సంచి పొట్ట ఉబ్బి ఉంది.
నేను ఎక్కడ లేని శ్రద్ధతో
జిగురు సీసాల మూతలు బిగిస్తూ కూర్చున్నాను.

అనూక్ వాళ్ళమ్మ గుమ్మం దగ్గర ఆగి
మడతలు మడతలు పెట్టిన చీటీ ఇచ్చి వెళ్ళింది.
"వచ్చే శుక్రవారం కూడా కొత్తది తేవాలాండీ?
గుర్రం బాకీయే ఇంకా తీరలేదు."
పదే పదే చదివాను.
వారం వారం ఆ ప్రశ్న అడిగింది నేను.
లెక్క కట్టింది ఈమె.

నెలాఖరున సామాను జాబితా.
ఒకటి, రంగు పెన్సిళ్ళ డబ్బాలు.
తొమ్మిది, చెక్క దిమ్మెలు, సంచితో సహా.
పదిహేడు, ఎర్ర ట్రాక్టర్, ఒకటి.
ఎదురుగా మూడు గళ్ళు:
ఉంది, విరిగింది, పోయింది.

బల్ల మీద కొత్త కేటలాగు తెరిచే ఉంది.
నాలుగు చక్రాలు, లైట్లు, హారన్,
ముప్పై ఎనిమిది డాలర్లు, పన్ను అదనం.

పెన్సిలు కొన మూడు గళ్ళ మీద
ఎడమకీ ఎడమకీ తిరిగింది.
రేవులో పడవలు వస్తున్న చప్పుడు.
మొదటి గడిలో టిక్కు పెట్టి
దీపం ఆర్పేశాను.